ఇంట్లో అదిరే బేస్ స్టేజి ఎక్కగానే ఎక్కడికి పోతుంది?

ప్రశ్న: సార్, నమస్తే. మాది రాజమండ్రి. నాలుగేళ్లుగా బేస్ గిటార్ వాయిస్తున్నాను, ఇప్పుడు ఐదు తీగలది వాడుతున్నాను. పెళ్లిళ్లకు, సంగీత్‌లకు ఆర్కెస్ట్రాతో వెళ్తాను, ఆదివారాలు చర్చిలో వాయిస్తాను. నా దగ్గర 40 వాట్ల ఆంప్ ఉంది. ఇంట్లో కిటికీలు అదురుతాయి. స్టేజి మీద డ్రమ్స్, కీబోర్డ్ మొదలవగానే నా బేస్ మాయమైపోతుంది. లో నాబ్ (అడుగు ధ్వనులు పెంచేది) చివరిదాకా తిప్పినా గుమ్ గుమ్ అంటుందే తప్ప ఏ స్వరం వాయిస్తున్నానో నాకే తెలియడం లేదు. సౌండ్ అతనేమో తగ్గించమంటాడు. 300 వాట్లది కొనాలా, 500 వాట్లదా? 15 అంగుళాల స్పీకర్ ఉంటేనే లో వస్తుందంటున్నారు, నిజమేనా? మా అక్క డిసెంబరులో అమెరికా నుంచి వస్తోంది, అక్కడ కొని తెప్పించుకోవచ్చా?

సమాధానం: లో నాబ్ చివరిదాకా తిప్పాను అన్నారు చూడండి, ముందు దాని సంగతి మాట్లాడుకుందాం. కొత్త ఆంప్ మీకు కావాలి, కాదనను. కానీ ఆ నాబ్‌ని అలాగే తిప్పితే 500 వాట్ల ఆంప్ కూడా ఇదే గుమ్ గుమ్ అంటుంది, కాకపోతే ఇంకా గట్టిగా అంటుంది.

మీ గిటార్‌లో ఖాళీ ఇ తీగ సుమారు 41 హెర్ట్జ్. మీ ఐదో తీగ, అంటే కింది బి, దాదాపు 31 హెర్ట్జ్. మీ 40 వాట్ల పెట్టెలోని చిన్న స్పీకర్ అంత కిందికి సరిగ్గా వెళ్లలేదు. అయినా ఇంట్లో మీకు ఆ స్వరం వినపడుతోంది కదా, ఎలా? తీగ మోగినప్పుడు 41 ఒక్కటే రాదు. దానితోపాటు 82, 123, 164 అంటూ పైపైన మెట్లు మెట్లుగా ఇంకెన్నో ధ్వనులు వస్తాయి. ఆ పై మెట్లను బట్టి కింద ఏ స్వరం ఉందో చెవి పోల్చుకుంటుంది. స్వరానికి ముఖం ఉండేది అక్కడే. లో నాబ్ తిప్పినప్పుడు మీరు ఆ ముఖాన్ని పెంచడం లేదు. స్పీకర్ ఇవ్వలేనిదాన్ని ఇంకా ఇంకా ఇమ్మని అడుగుతున్నారు. ఆంప్ బలమంతా అక్కడే ఖర్చయిపోతుంది, స్పీకర్ పేపర్ ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది, పైన మిగలాల్సిన స్పష్టత మిగలదు.

పైగా ఆ అడుగు భాగంలో మీరొక్కరే లేరు. కిక్ డ్రమ్ అక్కడే ఉంది. కీబోర్డ్ వాయించే ఆయన ఎడమ చెయ్యి అక్కడే ఉంది. నాపరాళ్లో టైల్సో పరిచిన హాలు, చుట్టూ కాంక్రీటు గోడలు, అవి కూడా ఆ అడుగు ధ్వనులనే పట్టుకుని తిరిగి తిరిగి మోగిస్తాయి. ఇంట్లో ఒంటరిగా వాయిస్తే ఆ చోటంతా మీదే, అందుకే కిటికీలు అదురుతాయి.

నాకు ఇది తెలిసిన రోజు ఇప్పటికీ బాగా గుర్తు. వాయించడం మొదలుపెట్టిన కొత్తలో ఒక కల్యాణ మండపంలో ప్రోగ్రామ్. సౌండ్ చెక్‌లో నేనొక్కడినే వాయిస్తూ లో పెంచి, మిడ్ (మధ్య ధ్వనులు) బాగా తగ్గించి, హై (పై ధ్వనులు) కొంచెం పెంచి పెట్టుకున్నాను. గుండెల్లో దిగినట్టు ఉంది. కుర్చీలు సర్దుతున్న వాళ్లు కూడా తిరిగి చూశారు. తీరా మొదటి పాట ఎత్తుకున్నాక చెయ్యి ఆడుతోంది, తీగలు కదులుతున్నాయి, ధ్వని లేదు. వాల్యూమ్ పెంచాను. స్టేజి చెక్కలు అదిరాయి, స్వరం మాత్రం రాలేదు. పెద్దాయన ఒకరు కీబోర్డ్ వాయించేవారు. రెండో పాట మధ్యలో ఎడమ చేత్తో నన్ను వాయిస్తూనే ఉండమని సైగ చేసి, ఒంగి నా ఆంప్ మీద మిడ్ నాబ్ పట్టుకున్నారు. గడియారంలో ఎనిమిది దగ్గర ఉన్న గీతను మెల్లగా పన్నెండు దాటించి ఒంటిగంటన్నర దాకా తెచ్చారు. లో మాత్రం కాస్త తగ్గించారు. నాబ్ కదులుతున్నంతసేపూ నేను వాయిస్తున్నది పొగమంచులోంచి బయటికి వచ్చినట్టు, ఒక్కొక్క స్వరం విడివిడిగా నిలబడింది. వాల్యూమ్ ఆయన ముట్టుకోలేదు. ప్రోగ్రామ్ అయ్యాక అదే సెట్టింగ్‌తో ఒంటరిగా వాయించి చూశాను. ముక్కుతో పాడినట్టు ఉంది, ఏమాత్రం బాగోలేదు. కానీ డ్రమ్స్ పక్కన అదే సరిగ్గా సరిపోయింది. ఒంటరిగా వింటూ సెట్ చేసుకున్న ధ్వనిని నేను ఆ తర్వాత ఎప్పుడూ నమ్మలేదు.

కాబట్టి ఈ ఆదివారం చర్చిలో, మీ పాత ఆంప్‌తోనే ఇది చేసి చూడండి. లో, మిడ్, హై (కొన్ని ఆంప్‌ల మీద లో, హై బదులు బేస్, ట్రెబుల్ అని ఉంటుంది) అన్నీ పన్నెండు గంటల దగ్గర పెట్టండి. ఆంప్ మీద కాంటూర్, స్కూప్ లాంటి బటన్ ఉంటే ఆపేయండి, అది చేసేది మిడ్‌ని తవ్వెయ్యడమే. గిటార్ మీద వాల్యూమ్ పూర్తిగా తెరవండి. ఇప్పుడు గెయిన్, అంటే గిటార్ నుంచి వచ్చే సిగ్నల్‌ని ఆంప్ ఎంత బలంగా తీసుకోవాలో చెప్పే నాబ్. ప్రోగ్రామ్‌లో మంచి ఊపులో ఉన్నప్పుడు తీగను ఎంత గట్టిగా మీటుతారో అంతే గట్టిగా మీటుతూ గెయిన్ పెంచండి. సిగ్నల్ మరీ ఎక్కువైందని చెప్పే క్లిప్ లైటు అప్పుడప్పుడు మిణుక్కుమనే దాకా వచ్చి, అక్కడినుంచి కాస్త వెనక్కి తగ్గండి. ఆ తర్వాతే మాస్టర్, అంటే మొత్తం వాల్యూమ్. చాలామంది గెయిన్ కొంచెమే పెట్టి మాస్టర్ చివరిదాకా తిప్పుతారు, స్పీకర్‌లోంచి సర్రుమనే శబ్దం ఎక్కువగా వస్తుంది.

ఇప్పుడు డ్రమ్మర్‌ని మామూలు బీట్ ఒకటి వాయించమనండి, కీబోర్డ్ కూడా ఉంటే మంచిది. వాళ్లు వాయిస్తుండగా మీరు ఒకే లైన్ మళ్లీ మళ్లీ వాయిస్తూ మిడ్ పెంచుతూ పోండి. మిడ్ ఏ హెర్ట్జ్ దగ్గర పనిచెయ్యాలో ఎంచుకునే నాబ్ కొన్ని ఆంప్‌లలో ఉంటుంది. మీ దానికి ఉంటే 400 నుంచి 800 మధ్య వెతకండి. స్వరం ముందుకొచ్చే చోటు దాదాపు ఎప్పుడూ అక్కడే దొరుకుతుంది. వేలు తీగను తాకే చురుకు ఇంకా కావాలంటే 2000 చుట్టుపక్కల కొద్దిగా. 200, 250 దగ్గర ఉబ్బితే డబ్బాలో మాట్లాడినట్టు ఉంటుంది, హాలు మరీ మోగుతుంటే అక్కడ కొంచెం తియ్యండి. లో నాబ్‌ని మాత్రం అన్నిటికన్నా చివర ముట్టుకోండి. సాధారణంగా పెంచాల్సిన అవసరం రాదు.

ఆంప్ ఎక్కడ పెడుతున్నారో మీరు రాయలేదు. నేల మీద, మూలకి, మీ కాళ్ల వెనక అనుకుంటున్నాను, అందరం అలాగే మొదలుపెడతాం. గోడకి దగ్గరగా పెడితే అడుగు ధ్వనులు బలపడతాయి, మూలలో అయితే ఇంకా ఎక్కువ. చెక్క స్టేజి అయితే కింద డొల్లగా ఉంటుంది కాబట్టి అదే ఒక పెద్ద డోలు అయిపోతుంది. పైగా స్పీకర్‌లోంచి వచ్చే పై ధ్వనులు నేరుగా ముందుకే పోతాయి, మీ పిక్కల దగ్గరే ఆగుతాయి. గుమ్ గుమ్ మాత్రం అన్ని వైపులకీ పాకుతుంది కాబట్టి చెవిదాకా వచ్చేది అదొక్కటే. ఆంప్‌ని గట్టి కుర్చీ మీదో బల్ల మీదో ఎక్కించండి, లేదా వెనక్కి వాల్చి మూతి మీ చెవి వైపు తిరిగేలా పెట్టండి. డ్రమ్మర్ హై-హ్యాట్ వైపు పెట్టుకుంటే అతనికి మీరు, మీకు అతను వినపడతారు. బేస్ ధ్వని చాలా దూరం వెళ్తే గానీ తయారవదు, అందుకే దగ్గర్లో వినపడదు అని కొందరు చెబుతుంటారు. అది నిజం కాదు. దగ్గర్లో వినపడకపోతే అది మీ చెవికి గురిపెట్టి లేదు, అంతే.

ఇంకొకటి, పైసా ఖర్చు లేనిది. కీబోర్డ్ ఆయనతో మాట్లాడండి. ఒంటరిగా వాయించే అలవాటున్న వాళ్లు ఎడమ చేత్తో బేస్ కూడా వాయించేస్తుంటారు. "అన్నా, పల్లవిలో ఎడమ చెయ్యి ఒక ఆక్టేవ్ పైకి తీసుకోగలరా" అని మర్యాదగా అడిగితే కాదనరు. ఎనభైల నాటి పాటలు వాయించేటప్పుడు ఇది మరీ ముఖ్యం. వాటిలో బేస్ గిటార్ గాయకుడి పక్కనే ఇంకో రాగం పాడుతున్నట్టు నడుస్తుంది. ఆ నడక జనానికి వినపడకపోతే పాటలో సగం పోయినట్టే.

అలాగే ఐదు తీగల గిటార్ అన్నారు, చాలా వాటిలో 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. అది నీరసపడితే ధ్వని పగిలినట్టు వస్తుంది, మనం ఆంప్‌ని అనుమానిస్తాం. కేబుల్ గిటార్‌కి గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. ఇంటికెళ్లగానే పీకేయండి.

ఇక కొనడం సంగతి. వాట్ల లెక్క వినడానికి చాలా వింతగా ఉంటుంది. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్, అంటే "కొంచెం పెరిగినట్టుంది" అనిపించేంత. చెవికి రెండింతలు గట్టిగా అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, దానికి పది రెట్లు వాట్లు కావాలి. అంటే మీ 40 కి రెండింతల ధ్వని 80 లో లేదు, 400 దగ్గర ఉంది. అదే లెక్కన 300 కీ 500 కీ మధ్య తేడా 2 డెసిబెల్స్ పైచిలుకు మాత్రమే. దానికోసం నిద్ర పాడుచేసుకోకండి. మీ పనికి 300 నుంచి 500 మధ్య ఏదైనా సరిపోతుంది.

నిజంగా చూడాల్సింది స్పీకర్ల వైపు. ప్రతి స్పీకర్ పెట్టెకీ సెన్సిటివిటీ అని ఒక అంకె ఉంటుంది, ఒక వాట్ ఇస్తే ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ ఇస్తుందో అది. 97 ఉన్న పెట్టె బదులు 100 ఉన్న పెట్టె తీసుకుంటే, అదే ఆంప్‌ని రెట్టింపు వాట్లు చేసుకున్నట్టు లెక్క. అందుకే ఒక్క స్పీకర్ ఉన్న పెట్టె కన్నా రెండు 10 అంగుళాలవి ఉన్నది మీకు మంచిదంటాను.

15 అంగుళాలు ఉంటేనే లో వస్తుందన్న మాట పట్టించుకోకండి. ఎంత కిందికి వెళ్తుందో తేల్చేది స్పీకర్ వెడల్పు ఒక్కటే కాదు. పెట్టె ఎంత పెద్దది, మూసి ఉందా రంధ్రం ఉందా, లోపలి స్పీకర్‌ని దానికి తగ్గట్టు చేశారా అన్నవి అంతకన్నా ముఖ్యం. 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్‌వీటీ సంగతే చూడండి. 300 వాట్ల వాల్వ్ ఆంప్ అది. పెద్ద పెద్ద రాక్ స్టేజీల మీద ఆ హెడ్ (స్పీకర్ లేని ఆంప్ పెట్టె) కింద నిలబడే ఫ్రిజ్ అంత క్యాబినెట్‌లో ఉండేవి ఎనిమిది స్పీకర్లు, అన్నీ 10 అంగుళాలవే. బేస్ అంటే ఇలా ఉండాలి అని ప్రపంచానికి అలవాటు చేసిన ధ్వనుల్లో అదొకటి. కాకపోతే ఆ క్యాబినెట్ ఒక్కటే 60 కిలోల పైన ఉంటుంది, మీ ఆర్కెస్ట్రా వ్యానులో మీకు చోటు మిగలదు.

మీ అవసరం బట్టి నా సలహా: రెండు 10 అంగుళాల స్పీకర్లున్న కోంబో (ఆంప్, స్పీకర్లు ఒకే పెట్టెలో ఉండేది), 300 నుంచి 500 వాట్లు, వెనక డీఐ అవుట్ (మీ ధ్వనిని నేరుగా మిక్సర్‌కి పంపే సాకెట్), ఇంకో పెట్టె తగిలించుకునే స్పీకర్ అవుట్. ఈ తరహాలో ఫెండర్ రంబుల్ 500 చాలామంది వాడేది, 17 కిలోల లోపే ఉంటుంది. తక్కువ వేడితో పనిచేసే ఇప్పటి క్లాస్ డి తరహా ఆంప్‌ల వల్ల ఈ తేలికదనం వచ్చింది. రాత్రి రెండింటికి ప్రోగ్రామ్ అయ్యాక మెట్లు దింపాల్సింది మీరే కాబట్టి బరువుని చిన్న విషయంగా చూడకండి. ఒకటి గమనించండి, పెట్టె మీద రాసే 500 వాట్లు చాలాసార్లు 4 ఓమ్స్ దగ్గర లెక్క (ఓమ్స్ అంటే కరెంటుకి స్పీకర్ ఇచ్చే నిరోధం). లోపలి స్పీకర్లు మొత్తం 8 ఓమ్స్ అయితే వాటితో వచ్చేది 300, 350 దగ్గరే ఉంటుంది. ఇంకో 8 ఓమ్స్ పెట్టె తగిలిస్తే రెండూ కలిసి 4 ఓమ్స్ అవుతాయి, అప్పుడు పూర్తి బలం వస్తుంది. ఆంప్ వెనక రాసి ఉన్న కనీస ఓమ్స్ కన్నా కిందికి మాత్రం ఎప్పుడూ వెళ్లకండి. ఆ రెండో పెట్టెకి గిటార్ కేబుల్ వాడకూడదు. చూడ్డానికి ఒకేలా ఉన్నా లోపలి తీగ సన్నం, వేడెక్కుతుంది. స్పీకర్ కేబుల్ అని అడిగి తీసుకోండి.

షాపుకి మీ గిటార్ మీరే పట్టుకెళ్లండి. అక్కడున్న ఖరీదైన గిటార్‌తో వింటే ఏ ఆంప్ అయినా బాగుంటుంది. అన్ని నాబులూ మధ్యలో పెట్టి, ప్రోగ్రామ్‌లో వాయించేంత గట్టిగా, పది అడుగుల దూరం నుంచి వినండి. ఇ, ఎ తీగల మీద మొదటి ఫ్రెట్ నుంచి పన్నెండో ఫ్రెట్ దాకా ఒక్కొక్క స్వరం ఆగి ఆగి వాయించండి. ఎక్కడో ఒక స్వరం దగ్గర పెట్టె గిలగిల్లాడితే అక్కడే బయటపడుతుంది. కింది బి తీగ కూడా వినండి. అది మిగతా తీగలంత బలంగా రావాలని ఆశించొద్దు, ఏ స్వరమో తెలిస్తే చాలు. సెకండ్ హ్యాండ్ అయితే ఏమీ గుచ్చకుండా ఆన్ చేసి హమ్ ఎంతుందో వినండి, ప్రతి నాబ్ తిప్పి గరగర ఉందేమో చూడండి, డీఐ అవుట్‌ని మిక్సర్‌కి పెట్టించి పనిచేస్తుందో లేదో చూశాకే డబ్బులివ్వండి.

డీఐ గురించి ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, మీ సౌండ్ అతను తగ్గించమనడానికి కారణం అక్కడ ఉంది. పెళ్లి మండపంలో వెయ్యి మందికి బేస్ వినిపించే పని మీ ఆంప్‌ది కాదు, వాళ్ల 18 అంగుళాల సబ్‌లది, అంటే అడుగు ధ్వనుల కోసమే ఉండే పెద్ద స్పీకర్లది. మీ ఆంప్ మీకూ, డ్రమ్మర్‌కీ, పాడేవాళ్లకీ వినపడితే చాలు. స్టేజి మీద మీరు లో పెంచినకొద్దీ అది పాడేవాళ్ల మైకుల్లోకి దూరి, హాల్లో ధ్వని బురదయిపోతుంది. అతనికి అది తగ్గించే దారి లేదు, అందుకే మిమ్మల్ని అడుగుతున్నాడు. మీ లైన్ డీఐలోంచి అతనికిచ్చెయ్యండి. దాని పక్కన ప్రీ, పోస్ట్ అని చిన్న బటన్ ఉంటుంది. ప్రీలో పెట్టండి. అప్పుడు స్టేజి మీద మీరు ఏ నాబ్ తిప్పుకున్నా హాల్లో ధ్వని మారదు, ఇద్దరికీ గొడవ ఉండదు. మీ ధ్వనే హాల్లోకి వెళ్లాలని బాగా పట్టుదలగా ఉంటే పోస్ట్, కానీ అప్పుడు ప్రోగ్రామ్ మధ్యలో చెయ్యి పెట్టకూడదు. ఇప్పటి మీ ఆంప్‌కి డీఐ లేకపోతే విడిగా డీఐ బాక్స్ కొనండి, గిటార్‌కీ ఆంప్‌కీ మధ్య పెట్టుకునేది. కొత్త ఆంప్ కన్నా ముందు కొనాల్సింది అదే అని కూడా అంటాను.

చర్చిలో పరిస్థితి వేరు. అక్కడ సబ్‌లు లేకపోతే హాలంతటికీ మీ ఆంపే దిక్కు, 40 వాట్లు చాలకపోవడం అక్కడ నిజమైన కారణం. కొత్తది కొన్నాక దాని విలువ మీకు ముందు చర్చిలోనే తెలుస్తుంది.

కరెంటు గురించి ఒక మాట, ఇది తేలిగ్గా తీసుకోవద్దు. జనరేటర్ మీద నడిచే ప్రోగ్రాముల్లో ఎర్త్ సరిగా లేకపోతే ముందు హమ్ వస్తుంది. తీగల మీద చెయ్యి ఉండగా మైకు పెదవికి తగిలి జివ్వుమంటే అక్కడితో ఆగిపోండి, ఎలక్ట్రీషియన్ వచ్చి ఎర్త్ చూసేదాకా వాయించకండి. హమ్ పోతుందని ప్లగ్గులో ఎర్త్ పిన్ పీకేసే వాళ్లుంటారు, అది ప్రాణాల మీదికి తెస్తుంది. హమ్ ఒక్కటే సమస్య అయితే డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ బటన్ నొక్కి చూడండి. చాలాసార్లు దానితోనే పోతుంది, అది ప్లగ్గు ఎర్త్‌ని ముట్టుకోదు.

అక్కతో తెప్పించుకోవడం గురించి. అమెరికాలో కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. కొన్ని ఆంప్‌లు రెండింటికీ పనిచేస్తాయి, కొన్నింటికి వెనక మార్చుకునే స్విచ్ ఉంటుంది, కొన్ని 120 కి మాత్రమే. ఒకే మోడల్‌లో కూడా అమ్మే దేశాన్ని బట్టి మారుతుంది కాబట్టి పేరు చూసి నిర్ణయించుకోకండి. అక్కని షాపులో వెనక ప్లేటు ఫొటో తీసి పంపమనండి. 100-240 అని రాసి ఉంటే తెచ్చుకోవచ్చు. 120 అని మాత్రమే ఉంటే వద్దు, దానికో ట్రాన్స్‌ఫార్మర్ మోసుకు తిరగాలి, ఎవరో ఒకరు ఏదో ఒకరోజు మర్చిపోయి నేరుగా గుచ్చుతారు. 17 కిలోల కోంబోని విమానంలో తేవడం కూడా కష్టమే. తెప్పించుకుంటే రెండు, మూడు కిలోల క్లాస్ డి హెడ్ ఒక్కటే తెప్పించుకుని, క్యాబినెట్ ఇక్కడ విజయవాడలోనో హైదరాబాద్‌లోనో విని కొనుక్కోండి. ఫొటో వచ్చాక అర్థంకాకపోతే నాకు పంపండి, చూసి చెబుతాను.